మంచు జట్టుకు ఒక్క పాయింటు

జపాన్‌లో మంచు విపరీతంగా పడే యొకోతె ఊళ్లో ముప్ఫై నాలుగేళ్లు మంచు ఎత్తే బండి నడిపిన మనిషి, రిటైరయ్యాక ఆటలో కూడా మంచునే పట్టుకుని కూర్చుంటే ఇంట్లో వాళ్లు నవ్వరా మరి? కుమగై గారి భార్య నవ్వింది. ఇంకా తనివి తీరలేదా అని అడిగింది. "అన్నేళ్లూ దాన్ని పక్కకి తోశాను కదే, ఇప్పుడైనా నా పక్కన నిలబడనీ" అన్నాడాయన. ఈ సంగతి సంఘంలో అందరికీ తెలుసు, ఎందుకంటే ఆయనే పదిసార్లు చెప్పాడు.

సంఘమంటే మరీ పెద్దదేం కాదు, పన్నెండు మంది. నెలనెలా రెండో ఆదివారం మధ్యాహ్నం ఊరి హాలు మేడమీద, చాపలు పరిచిన గదిలో, కిరసనాయిలు స్టవ్వు చుట్టూ కూర్చుని ఆడుకుంటారు. మృగాలను పెంచి పోట్లాడించే ఆ వీడియో గేమ్‌ని దేశంలో లక్షలమంది ఆడతారు. అందరూ ఒకదాని లోటు ఇంకోటి పూడ్చేలా నిప్పు, నీరు, ఉక్కు, గడ్డి అన్నీ కలిపి ఆరు మృగాల జట్టు కట్టుకుంటారు. వీళ్లకు ఆ సుఖం వద్దు. వీళ్లది ఒకే మూలకం. ఆరుకు ఆరూ నిప్పువే, లేదా ఆరుకు ఆరూ నీటివే. పైగా ఎవరి మూలకం వాళ్లది. గోడమీది బోర్డులో మూలకం పక్కన ఎవరి పేరుంటే అది వాళ్ల సొంతం, ఇంకొకరు దాన్ని ముట్టుకోరు.

మంచు పక్కన ఉన్న పేరు కుమగై గారిది. ఆ మూలకం కావాలని ఎవరు కోరుకుంటారు చెప్పండి. నిప్పుకు కరుగుతుంది, బండకు పగులుతుంది, ఉక్కుకు విరుగుతుంది, ఉత్త చేత్తో గుద్దే మృగాలకు కూడా చస్తుంది. అది తట్టుకోగలిగింది మరో మంచు దెబ్బనొక్కటే. ఏటా మార్చిలో జరిగే పోటీలో కుమగై గారు మొదటి ఆటలోనే ఓడిపోవడం, లేచి వెళ్లి అందరికీ టీ పోయడం ఒక ఆనవాయితీ అయిపోయింది. నాలుగేళ్లు అలాగే గడిచాయి. కిందటేడు సంఘం ఒక రూలు పెట్టింది: ఐదేళ్లపాటు మార్చి పోటీలో ఒక్క గెలుపూ లేని మూలకాన్ని ఖాళీ చేసి, అడిగినవాళ్లకు చీటీ వేసి ఇవ్వాలి. గెలవకపోయినా చూడ్డానికి బాగుంటాయని, కొత్తగా చేరినవాళ్లలో ఇద్దరు మంచు అడుగుతున్నారు మరి. కుమగై గారు కూడా చెయ్యెత్తి ఆ రూలుకు ఒప్పుకున్నాడు. తర్వాత మెట్లు దిగుతూ, మంచు పోతే ఇంక నేనెందుకు రావడం అని నవ్వాడు. ఆ నవ్వులో ఎవరూ కలవలేదు. ఇది ఐదో ఏడు.

కిసాకో తెరుయిది నిప్పు. వరసగా మూడేళ్లు పోటీ గెలిచింది. నలభై నాలుగేళ్ల మనిషి, స్టేషన్ దగ్గర మందుల కొట్లో పని. పసిపిల్లలకిచ్చే పొడిమందును రవ్వంత తేడా రాకుండా తూచి పొట్లాలు కట్టే మనిషి కాబట్టి సంఘంలో లెక్కలన్నీ ఆమెవే. ఈ ఆటలో లెక్క చాలా ఉంది. ఫలానా మృగం ఫలానా దెబ్బకు చావకూడదంటే దాని ప్రాణం ఎంత పెంచాలో, రక్షణ ఎంత పెంచాలో ముందే తేల్చుకోవాలి. ఒకచోట ఒక పాయింటు ఎక్కువ పెడితే ఇంకోచోట ఒకటి తగ్గుతుంది. అందరూ కిసాకోని అడుగుతారు, ఆమె కాగితం మీద వేసి చెబుతుంది, చెప్పింది చెప్పినట్టు పెట్టుకుంటారు. కుమగై గారు ఆమెను మందులమ్మా అని పిలుస్తాడు. మందులమ్మ చెప్పాక మళ్లీ కూడి చూసుకోవడమేంటి, అదేమన్నా కూరగాయల బేరమా అంటాడు.

పోటీ ఇంకా ఆరు రోజులుందనగా, సోమవారం, ఆయన రక్తపోటు మాత్రల కోసం కొట్టుకొచ్చి, మాత్రలతో పాటు ఒక లెక్క కూడా అడిగాడు. ఆయన దగ్గర కన్‌తారో అని ముద్దుపేరు పెట్టుకున్న మంచు వాల్రస్ ఒకటుంది. దానికి తడి కంబళి కప్పుతాడట. ఆ ఆటలో తడి కంబళి ఉంటే మొదటి నిప్పు దెబ్బ సగానికి తగ్గుతుంది. అలా సగమైన పెద్ద నిప్పు దెబ్బకు కన్‌తారో ఒక్కసారి బతికి బట్టకట్టాలంటే ప్రాణం ఎంతుండాలి? పెద్ద నిప్పు దెబ్బంటే ఇంకెవరిది, కిసాకో మంటల కోడిదే.

"నీ మంటలోంచి బయటపడే దారి నిన్నే అడుగుతున్నాను మందులమ్మా, చూశావా నా తెలివి" అన్నాడు.

ఆమె నవ్వుతూనే లెక్క వేసింది. అందులో తప్పేం లేదు, ఒకరికొకరు చెప్పుకోవడం సంఘంలో మామూలే. దెబ్బ ఎంత గట్టిగా తగిలినా నూట ఎనభై ఆరు దాటదు, కాబట్టి ప్రాణం నూట ఎనభై ఏడు పెట్టుకోమని మాత్రల కవరు వెనక రాసిచ్చింది. ఆయన ఆ కవరును చొక్కా జేబులో పెట్టుకుని జేబు మీద రెండుసార్లు తట్టుకున్నాడు.

బుధవారం నగనుమా, ఎవరికెవరితో ఆటో తేల్చే చీటీ వేశాడు. నగనుమా లైబ్రరీలో పనిచేసే కుర్రాడు, సంఘం వ్యవహారాలన్నీ అతనివే. నిలువు గీతలు, అడ్డగీతలు గీసి, వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వచ్చే చీటీ అది. దాని ఫోటో అందరి ఫోన్లకూ వచ్చింది. మొదటి ఆటలోనే నిప్పుకూ మంచుకూ పడింది. ఒకసారి చీటీ వచ్చిందంటే, ఎదురెదురు పడినవాళ్లు ఆట ముగిసేదాకా జట్ల గురించి ఒక్క మాట మాట్లాడుకోకూడదు. అది రాసిపెట్టిన రూలు కాదు, అంతకంటే గట్టిది.

గురువారం మధ్యాహ్నం కిసాకో ఒక ముసలమ్మ కోసం మాత్రలను సగానికి విరుస్తోంది. ఒక మాత్ర సరిగ్గా విరగక పొడి రాలింది. అప్పుడు తట్టింది ఆమెకు. సగం చేసినప్పుడు మిగిలే చిన్న ముక్కను ఆట మిగతా చోట్ల వదిలేస్తుంది. కంబళి దగ్గర మాత్రం పూర్తి అంకెగా పైకి లెక్కేస్తుంది. తను అక్కడ కూడా వదిలేసింది. భోజనాల వేళ కాగితం తీసి మళ్లీ వేసింది. దెబ్బ ప్రతిసారీ ఒకేలా తగలదు, కొంచెం అటూ ఇటూగా పదహారు రకాలుగా తగులుతుంది. అందులో పదిహేనింటికి కన్‌తారో బతుకుతుంది. పదహారోది సరిగ్గా నూట ఎనభై ఏడు. ఆ దెబ్బకు చచ్చిపోతుంది. ఒక్క పాయింటు తక్కువ చెప్పింది.

ఫోన్ తీసి, నూట ఎనభై ఎనిమిది పెట్టండి అని టైపు చేసింది. ఐదు సెకన్ల పని. పంపే ముందు చీటీ గుర్తొచ్చింది. చీటీ వచ్చాక మాట్లాడకూడదు కదా అనుకుంది. పదహారింట ఒకటేగా, దానికోసం రూలు తప్పడమేంటి అనుకుంది. ఆయన కూడా ఒకసారి కూడి చూసుకోవాల్సింది అని కూడా అనుకుంది. చూశారా బుద్ధి. తప్పించుకోదలచిన మనిషికి కారణాలు ఎంత వరసగా నిలబడతాయో. అసలు కారణం ఈ మూడూ కాదు. నాలుగేళ్లు వరసగా గెలిచినవాళ్లు ఆ సంఘంలో ఇంతవరకూ లేరు. ఆ నాలుగోది ఆమెకు కావాలి. నలభై నాలుగేళ్ల మనిషి, నలుగురికీ మందులిచ్చే మనిషి, ఒక బొమ్మ కోడి గెలుపు కోసం నోరు మూసుకుంది. టైపు చేసింది చెరిపేసింది.

ఆ సాయంత్రం కుమగై గారే ఫోన్ చేశాడు. జట్ల సంగతి మాట్లాడను, భయపడకు అని ముందే చెప్పేశాడు. వాళ్లావిడ పొగబెట్టి ఊరేసిన ముల్లంగి పచ్చడి ఆదివారం తెస్తున్నాడట, ఆమె ఇంటికి ఎన్ని దుంపలు కావాలో కనుక్కుందామని చేశాడు. రెండు చాలన్నది కిసాకో.

"ఈ ఏడు నాకు నిద్ర బాగా పడుతోంది మందులమ్మా" అన్నాడు చివర్లో. "ఎందుకో చెప్తే రూలు తప్పినట్టవుద్ది."

"అవునండీ, రూలు" అంది ఆమె.

ఫోన్ పెట్టేశాక ఆమెకు ఒళ్లంతా సిగ్గేసింది. అవునండీ రూలు అని ఎంత నిబ్బరంగా అన్నదో తలుచుకుంటే తన గొంతు తనకే రోతగా అనిపించింది. శుక్రవారం ఇంకోసారి, శనివారం ఇంకోసారి అదే సంగతి టైపు చేసి చెరిపేసింది. ఆలస్యమైనకొద్దీ పంపడం కష్టమైంది. ఇప్పుడు పంపితే ఇన్నాళ్లూ ఎందుకు పంపలేదని అడుగుతారు కదా.

ఆదివారం నాటికి వీధుల పక్కన మంచు గోడలు నడుమెత్తుకు దిగి, నల్లబడి ఉన్నాయి. పన్నెండు మందీ వచ్చారు. కుమగై గారు మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న కొత్త చొక్కాలో వచ్చాడు. పచ్చడి అందరికీ పంచి, వచ్చి కిసాకో ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, గేమ్ మెషిన్ రెండు చేతులతో పట్టుకుని తలవంచాడు. ఆమె కూడా వంచింది. ఆరింట్లోంచి తలా మూడు మృగాలను ఎంచుకున్నారు.

కుమగై గారు ఆ రోజు ఆడినట్టు ఎన్నడూ ఆడలేదు. ఆయన మంచు నక్క ఆమె మొదటి మృగాన్ని పడగొట్టి పడింది. రెండోవి కూడా ఒకదానికొకటి చెల్లిపోయాయి. చివరికి ఆమెకు మంటల కోడి, ఆయనకు తడి కంబళి కప్పుకున్న కన్‌తారో మిగిలాయి. మిగతా ఆటలు ఆగిపోయాయి. అందరూ వచ్చి వెనక నిలబడ్డారు. కోడి వేగం ఎక్కువ, ముందు దెబ్బ దానిదే. కిసాకో బొటనవేలు మీట మీద ఒక్క క్షణం ఆగింది. పదిహేనింట్లో ఏదో ఒకటి తగిలితే ఎంత బాగుండు, ఓడిపోతే ఎంత బాగుండు అనుకుంది నిజంగానే. నొక్కింది.

పదహారోది తగిలింది. కన్‌తారో ప్రాణం గీత తగ్గుతూ తగ్గుతూ పోయి, వెంట్రుకవాసిలో ఆగుతుందనిపించి, ఆగలేదు.

వెనకున్నవాళ్లు అయ్యయ్యో అన్నారు. కుమగై గారు కళ్లార్పకుండా తెర వంక చూశాడు. తర్వాత తలవంచి, బాగా ఆడావని చెప్పాడు.

ఆట అయ్యాక ఇద్దరూ జట్లు విప్పి అన్నీ చూపించుకోవడం, ఎక్కడ ఏం జరిగిందో అందరూ కలిసి మాట్లాడుకోవడం వాళ్ల పద్ధతి. ఆ పద్ధతి ప్రకారమే కుమగై గారు కన్‌తారోను తెరిచి చూపించాడు. దెబ్బ తిని బతికితే బండ విసిరి కోడిని చంపేద్దామనుకున్నాడట. బండ దెబ్బ ఉందని ఎవరూ ఊహించలేదు. ఎంత మంచి ఎత్తు, ఎంత పాడు అదృష్టం అన్నారు. నగనుమా ఊరుకోలేదు, ఫోన్‌లో ఏదో కూడుకుంటూ, కంబళి దగ్గర పైకి లెక్కేయాలి కదా బాబాయ్, ఇంకొక్కటి పెట్టుంటే పదహారుకు పదహారూ బతికేదే అన్నాడు. ఈ అంకె ఎవరు చెప్పారని అడిగాడు.

కుమగై గారి చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లింది. మాత్రల కవరు అందులోనే ఉంది. దాని వెనకున్నది తన చేతిరాతని కిసాకోకి తెలుసు, ఆయనకీ తెలుసు.

"ఎవరు చెప్తారు, నేనే" అన్నాడాయన. "వేళ్లు మడిచి కూడాను. ఒక వేలు ఎక్కడో పోయినట్టుంది."

అందరూ నవ్వారు. ఆయన కిసాకో వైపు చూసి, పోనీలే అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. ఆమె చేతిలో టీ కప్పుంది. ఆమె టీ తాగింది. ఒక గుక్క, ఇంకో గుక్క. ఆయన లేచి బోర్డు దగ్గరికి వెళ్తున్నాడు, మంచు పక్కన తన పేరు తనే తుడిచేయడానికి.

అప్పుడు చెప్పింది కిసాకో. లెక్క తనదని, తప్పు తనదని, గురువారమే తెలిసిందని, తెలిసీ ఊరుకున్నానని అందరిముందూ చెప్పేసింది.

కుమగై గారు వెనక్కి తిరిగాడు. "గురువారం ఎప్పుడు?"

"మధ్యాహ్నం."

"నేను ఫోన్ చేసింది సాయంత్రం."

"అవునండీ."

ఆయన వచ్చి ఆమె ఎదుట నిలబడి, "తెరుయి గారూ, మీరు తప్పు లెక్క చెప్తే నేను ఓడిపోయాననుకున్నాను. అది ఎవరికైనా జరుగుద్ది. దాన్ని కప్పుదామని ఇంతమందిలో నేను అబద్ధమాడుతుంటే మీరు టీ తాగారు" అన్నాడు.

మందులమ్మా అనే పిలుపు పోయింది, నువ్వు అనడం పోయింది. ఆయన కేకలేసి ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది. ఆయన కేకలేయలేదు. ఆమె తల దించుకుని, క్షమించమని చాపకు నుదురు ఆనేలా వంగింది. లేవమన్నాడు ఆయన, అందరూ చూస్తున్నారన్నాడు.

నగనుమా పెద్దమనిషి తరహాలో ఆలోచించి, ఆట మళ్లీ ఆడించాలన్నాడు. కుమగై గారు వేగంలోంచి ఒక పాయింటు తీసి ప్రాణానికి కలిపి, నూట ఎనభై ఎనిమిది చేసుకున్నాడు. మళ్లీ ఎదురెదురుగా కూర్చున్నారు. కానీ ఈసారి కిసాకోకి అన్నీ తెలుసు. కన్‌తారో దగ్గర బండ ఉందని తెలుసు. దానికి విరుగుడు కూడా ఆమె జట్టులో ఉంది, నిప్పుదే అయినా ఉక్కు కూడా కలిసిన ఉడుము. దాన్ని నిలబెడితే బండ తగిలినా పెద్దగా నొప్పి ఉండదు. జట్టు విప్పి చూపించాక తెలిసిన సంగతి అది, దాంతో గెలిస్తే దొంగ గెలుపే. తెలియనట్టు ఆడితే అది ఆటే కాదు. ఏ మీట నొక్కినా తప్పేలా తనే చేసుకుంది. సరే, ఆయన్ను గెలవనిద్దాం, అప్పుడైనా గుండెల మీద బరువు దిగుతుంది అనుకుంది. ఉడుమును ఎంచుకోలేదు. అదే కోడిని తీసుకెళ్లి కన్‌తారో ఎదుట నిలబెట్టి, అదే దెబ్బ కొట్టింది.

కన్‌తారో బతికింది. తొమ్మిది పాయింట్లు మిగిలాయి. వెనకున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. ఇప్పుడు కుమగై గారు బండ వేస్తే చాలు, ఐదేళ్లలో మొదటి గెలుపు, మంచు ఆయనకే ఉంటుంది.

ఆయన నొక్కలేదు. మెషిన్ ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఉడుము ఉందిగా మీకు. బండ ఉందని తెలిసీ కోడిని ఎందుకు పెట్టారు?"

ఆమె కూడా మెషిన్ దించింది.

"గురువారం నన్ను ఓడిద్దామనుకున్నారు. ఇవాళ గెలిపిద్దామనుకుంటున్నారు. నాతో ఆడేదెప్పుడు తెరుయి గారూ?"

కిసాకోకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏడిస్తే అది కూడా ఆయన్ను ఏదో అడిగినట్టే ఉంటుందని ఆపుకుంది. ఆయన ఆటను మధ్యలోనే కట్టేసి, మొదట్నుంచీ పెట్టమన్నాడు. మీకు తెలిసిందంతా తెలిసినట్టే ఆడండి, నాకూ మీ సంగతి ఇప్పుడు తెలుసుగా అన్నాడు.

మూడోసారి ఆమె ఉడుమును తెచ్చింది. తెలిసిందంతా పెట్టి ఆడింది. ఆయన కూడా తగ్గలేదు, కన్‌తారోను వెనక దాచి, నక్కతో ఆమె కోడిని పడగొట్టాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఉడుము చివరి దెబ్బకు కన్‌తారో పడిపోయింది. ఆమె గెలిచింది. ఆ గెలుపు చేదుగా ఉంది, కానీ ఈసారి అందులో కల్తీ లేదు.

కుమగై గారు తలవంచి నమస్కరించి, లేచి వెళ్లి బోర్డు మీద మంచు పక్కన తన పేరు తుడిచేశాడు. మళ్లీ మళ్లీ రుద్దాల్సి వచ్చింది, చాలా ఏళ్ల సిరా అది. కిసాకో ఆయన వెనకే వెళ్లి, తాను పోటీ నుంచి తప్పుకుంటున్నానని నగనుమాతో చెప్పింది. ఆ ఐదేళ్ల రూలును కూడా పక్కన పెడదామని అడగబోయింది. కుమగై గారు వద్దన్నాడు, మూడోది నిఖార్సైన ఆట, అందులో ఓడిపోయాను, అంతే అన్నాడు. ఇంక సంఘానికి రారా బాబాయ్ అని నగనుమా భయంభయంగా అడిగాడు. ఆయన బోర్డును పైనుంచి కిందికి చదివాడు. మంచు కాక, ఎవరి పేరూ లేని మూలకం ఒకటే ఉంది.

"మంచు కంటే త్వరగా కాలేవి ఇంకా ఉన్నాయా అనుకున్నాను" అన్నాడు. "పురుగులున్నాయి. రాయండి నా పేరు."

ఆ మాటకు గది మొత్తం నవ్వింది, కిసాకో తప్ప. మిగతా ఆటలు మొదలయ్యాయి. ఆమె చెప్పులు వేసుకుని వెళ్లిపోదామని గుమ్మం దాకా వచ్చింది. వెనకనుంచి పిలిచాడాయన. స్టవ్వు పక్కన చిన్న బల్ల వేసుకుని, నగనుమా దగ్గర రెండు తెల్లకాగితాలు, రెండు పెన్సిళ్లు అడిగి తెచ్చుకున్నాడు.

"ఇంక మీరు లెక్క వేసి ఇవ్వొద్దు. ఎలా వెయ్యాలో నేర్పండి" అన్నాడు.

ఆమె వచ్చి కూర్చుంది. మొదటి మెట్టు చెప్పింది, దెబ్బ బలాన్ని రక్షణతో భాగించాలి, ముక్క వస్తే వదిలేయాలి. తన కాగితం మీద వేసి, ఇరవై రెండు అంది. ఇన్నేళ్లలో ఆమె అంకె చెబితే ఆయన రాసుకునేవాడే తప్ప తలెత్తి చూసేవాడు కాదు. ఇప్పుడు కళ్లజోడు సరిచేసుకుని, ఆమె కాగితాన్ని బోర్లా పెట్టి, తన కాగితం మీద నెమ్మదిగా మొదట్నుంచీ భాగించాడు. ఇరవై రెండు వచ్చింది. మళ్లీ ఒకసారి వేసి చూసుకున్నాడు. అప్పుడు తలూపి, తర్వాత ఏంటన్నాడు.